నల్ల ముక్కు

కరీంనగర్‌లో నాది ఫ్లెక్సీ షాపు. పుట్టినరోజులు, పెళ్ళిళ్ళు, కన్నీటి నివాళులు, నాయకుల స్వాగతాలు, అన్నీ మా మిషన్ మీదుగానే ఊళ్ళోకి వెళ్తాయి. మనిషిని ఉన్నచోటు నుంచి కత్తిరించి లేనిచోట నిలబెట్టడం నా వృత్తి. ఎప్పుడో పోయిన తాతను మనవడి పెళ్ళి ఫోటోలో కూర్చోబెడతాను. మంత్రిగారిని దూరం నుంచి కూడా చూడని మనిషిని తీసుకొచ్చి ఆయన పక్కన నిలబెడతాను. ఇది మోసమని నేనెప్పుడూ అనుకోలేదు. చేయించుకునేవాడికి తెలుసు, చేసేవాడికి తెలుసు, చూసేవాడికి కూడా సగం తెలుసు. అందరికీ తెలిసినదాంట్లో మోసమేముంది అనేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట అంత ధైర్యంగా అనలేను.

ఒకసారి ఎన్నికల ముందు ఒకాయన వచ్చి, తన మీద పోటీ చేస్తున్నవాడి తలను రాబందు ఒంటి మీద పెట్టి ఫ్లెక్సీ కొట్టమన్నాడు. కింద 'భూములు మింగే రాబందు' అని రాయాలట. ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో రాబందును తెచ్చి, మెడ దాకా కోసి, ఆ పెద్దమనిషి తల అతికించాను. టీ చల్లారేలోపు పని అయిపోయింది. ఆ రోజు మా నాన్న, అదే మా బాపు, షాపులోనే నా వెనక కుర్చీలో కూర్చుని ఉన్నాడు. స్క్రీన్ వైపు వంగి చూసి, గింత అల్కగ అయితదా అని ఆశ్చర్యపోయాడు. తర్వాత ఫ్లెక్సీకి వచ్చిన ఆ గిరాకీ వైపు తిరిగి, రాబందు చచ్చినదాన్నే తింటుందనీ, బతికున్నవాళ్ళ జోలికి పోదనీ, ఆ లెక్కన మీవాడు దానికి సరితూగడనీ చెప్పాడు. గిరాకీ పడీపడీ నవ్వాడు. బాపు మాత్రం నవ్వలేదు. ఆ పక్షి పేరును ఎవరైనా తిట్టుగా వాడితే ఆయనకు ఇంటివాళ్ళను తిట్టినట్టే ఉండేది.

బాపు పశువుల దవాఖానలో కాంపౌండర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. నా చిన్నప్పుడు మేముండింది ఆదిలాబాద్ జిల్లా తూర్పు కొసన, ప్రాణహితకు దగ్గరగా ఉండే ఒక ఊళ్ళో. డాక్టరు పోస్టు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది గనక డాక్టరూ ఆయనే, కాంపౌండరూ ఆయనే. ఊరు దాటి వాగవతలికి పోతే చచ్చిన పశువులను పడేసే జాగ ఒకటి ఉండేది. ఎద్దో బర్రో చచ్చిపోతే ఎడ్లబండికి కట్టి అక్కడికి ఈడ్చుకుపోయేవాళ్ళు. పొద్దెక్కేసరికి రాబందులు దిగేవి. నది అవతలివాళ్ళతో కలిసిమెలిసి ఉండే ఊరు కాబట్టి కొందరు గిధాడలు అని మరాఠీ మాటే వాడేవాళ్ళు.

నేనూ నా దోస్తూ తునికి చెట్ల చాటున బోర్లా పడుకుని చూసేవాళ్ళం. ఒకే ఊరు, ఒకే బడి, ఒకే బెంచీ మావి. వాడి దగ్గర భయం తక్కువ, నా దగ్గర ఓపిక ఎక్కువ. మొదట ఆకాశంలో చుక్కంత పక్షి ఒకటి కనబడేది. అది రెక్కలు ముడుచుకుని కిందికి జారడం చూసి ఎక్కడో ఉన్న ఇంకోటి వచ్చేది. దాన్ని చూసి ఇంకోటి. వాసన పట్టి రావు అవి, కంటితో చూసి వస్తాయి. ఒకటి దిగిందంటే అక్కడ తిండి ఉందని మిగతావాటికి నమ్మకం. దిగాక మాత్రం పెళ్ళి పంక్తిలో మొదటి వరుస కోసం కొట్టుకున్నట్టు కొట్టుకునేవి. సాయంత్రానికి ఎముకలు తప్ప ఏమీ మిగిలేది కాదు. బాపు వచ్చి కర్రతో ఆ ఎముకలను కదిలించి చూసి, నేను పది సంచుల సున్నం పోసినా ఇంత శుభ్రం కాదనేవాడు. పేరు మీద ఆయనకు ఒక పరాచికం ఉండేది. మిగతా పిట్టలను మనం పిలవాలి, దీనికి పేరులోనే పిలుపు ఉంది, రా బందూ, అనేవాడు.

అదే రోజుల్లో పశువుల నొప్పులకు కొత్త సూది వచ్చింది. డైక్లోఫెనాక్. మనుషులు నడుము పట్టేస్తే వేసుకునే మందే. లేవలేని ఎద్దుకు పొద్దున వేస్తే మాపటికి మేతకు లేచేది. దుక్కుల కాలంలో ఎద్దు పడుకుంటే ఆ ఇల్లు పడుకున్నట్టే కదా. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి బాపును సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవారు. ఆయన చెయ్యి మంచిదని పేరు పడింది. సూది వేసిన పశువులన్నీ బతకవు. కొన్ని ముసలితనానికి, కొన్ని రోగానికి పోయేవి. పోయినవాటిని వాగవతల పడేసేవాళ్ళు.

మెల్లమెల్లగా పక్షులు తగ్గాయి. మొదట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత వాసన పెరిగింది, ఊరకుక్కలు పెరిగాయి. గిధాడలు నది దాటి మరాఠ దిక్కు పోయాయట అని ఊళ్ళో అనుకున్నారు. బాపు కూడా అదే నమ్మాడు. చాలా ఏళ్ళకు, ఆయన రిటైర్మెంటు దగ్గరపడ్డాక, ఒక ట్రైనింగుకు పిలిచి అసలు సంగతి చెప్పారు. ఆ సూది వేసిన పశువు వెంటనే చస్తే మందు మాంసంలోనే ఉంటుందట. దాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడి, కొమ్మ మీదే మెడ వేలేసి చచ్చిపోతుందట. అందుకే ఆ మందును పశువులకు వాడొద్దని ప్రభుత్వం నిషేధించిందట.

బాపు ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా మంచం మీద కూర్చున్నాడు. "డబ్బ మీద ఎద్దు బొమ్మ ఉండె. పిట్ట బొమ్మ లేకుండె," అన్నాడు. తన కుడిచెయ్యి చూసుకుని, "చెయ్యి మంచిదన్నరు," అన్నాడు.

దేశమంతా అదే సూది వేశారని, ఎవరికీ తెలియదని, తెలిసి చేస్తే కదా తప్పని నేనూ, అవ్వ అని పిలిచే మా అమ్మా ఎంతో చెప్పాం. అన్నీ విని, దేశంలో ఎవరు వేశారో నాకు తెలియదు గానీ వాగవతల పడినవాటికి వేసింది మాత్రం నేనే అన్నాడు. నమ్ముకున్న మందు ఆయన్ను మోసం చేసింది. మందును తిట్టలేడు, దాన్ని పంపినవాళ్ళెవరో తెలియదు, అందుకని తన చేతినే తిట్టుకున్నాడు. అవ్వ పోయాక నా దగ్గరికి కరీంనగర్ వచ్చేశాడు. ఇక్కడా పొద్దున్నే డాబా ఎక్కి ఆకాశం చూడటం మానలేదు. డ్యామ్ వైపు నుంచి గద్దలు వచ్చేవి, కొంగలు వచ్చేవి. ఆయనకు కావలసినవి రావని ఆయనకూ తెలుసు. ఆయన కోరిక ఒక్కటే. తాను పోయేలోపు ఆ పక్షులు మళ్ళీ మా ఊరి దిక్కు వచ్చాయన్న మాట వినాలి. ఇంట్లో అందరికీ తెలిసిన కోరికే, దోస్తుకూ తెలుసు.

ఇక దోస్తు సంగతి. వాడికి ఏ పనీ కుదురుగా నిలవలేదు. కొన్నాళ్ళు జీపు నడిపాడు, కొన్నాళ్ళు బొగ్గుగనుల దగ్గర కాంట్రాక్టు పని చేశాడు. బాపు ఇంకా కరీంనగర్ రాకముందు ఒక ఏడాది అంతా నా షాపులో ఉన్నాడు. ఫ్లెక్సీలకు రింగులు కొట్టడం, కర్రలు బిగించడం వాడి పని. గిరాకీ లేనప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని కటింగ్ నేర్పాను. జుట్టు అంచులు ఎలా తీయాలి, నీడ ఎటు పడాలి, అతికించినట్టు కనబడకుండా అంచును ఎంత పలచన చేయాలి, అన్నీ నా చేత్తో మౌసు పట్టించి నేర్పాను. వాడు తొందరగానే పట్టుకున్నాడు. ఆ మాట బాపుతో ఎన్నడూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

ఆ తర్వాత మా ఊరి వైపు ఒక గుట్ట మీద కొన్ని రాబందులు మిగిలి ఉన్నాయనీ, వాటిని కనిపెట్టుకుని ఉండటానికి అటవీశాఖకు మనుషులు కావాలనీ కబురు వచ్చింది. వాడు వెంటనే వెళ్ళి చేరాడు. గుట్ట కింద క్యాంపులో టెంపరరీ నౌకరి. మందు సూదులు పడని చచ్చిన పశువును తెచ్చి గుట్ట కింద వేయడం, దూరం నుంచి దుర్భిణీతో చూడటం, ఎన్ని వచ్చాయో పైవాళ్ళకు చెప్పడం. నేను ఒకసారి వెళ్ళి రెండు రోజులు వాడి దగ్గర ఉండి వచ్చాను. నిలువునా లేచిన బండ, దాని మీద పక్షుల రెట్ట కారి సున్నం పోసినట్టు చారలు. నేను పోయినప్పుడు పక్షులు కనబడలేదు. ఖాళీ బండనే నాలుగు ఫోటోలు తీసుకుని, వాడికీ పంపి వచ్చాను.

చేరిన నాటి నుంచి వాడు ప్రతి ఆదివారం బాపుకు ఫోన్ చేసేవాడు. కాకా, ఇయ్యాల ఒకటి వచ్చి కూసున్నది. కాకా, ఒక జంట పుల్లలు తెస్తుంది. కాకా, పిల్ల రెక్కలు దులుపుతుంది. బాపు ఫోన్ స్పీకర్‌లో పెట్టి, కళ్ళు మూసుకుని వినేవాడు. ఆదివారం మా ఇంట్లో మాంసం వండటం ఆలస్యమైనా పరవాలేదు గానీ ఆ ఫోన్ ఆలస్యమైతే ఆయన పరేషాన్. నా దోస్తు మా బాపుకు సొంత కొడుకు కంటే ఎక్కువ చేస్తున్నాడని నేను చాలామందితో చెప్పుకున్నాను. అబద్ధం కాదు, అప్పట్లో నిజంగానే అలా అనుకున్నాను.

పోయిన ఎండాకాలానికి ముందు వాడు నా ఫోన్‌కు ఒక ఫోటో పంపాడు. బండ అంచున వరసగా రాబందులు, ఒకటి రెక్కలు విప్పి ఎండకు ఆరబెట్టుకుంటోంది. కింద ఒకటే మాట రాశాడు. 'వచ్చినయి.' ఆ గుట్ట నాకు తెలుసు, ఆ తెల్లచారలు నాకు తెలుసు. మారుమాట లేకుండా నమ్మాను. ఫోన్‌లోని ఫోటోనే తీసుకుని, సాగినంత సాగదీసి, మంచి వినైల్ షీటు మీద ప్రింట్ చేసి, బాపు పడుకునే గదిలో మంచానికి ఎదురుగోడకు బిగించాను.

బాపు కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి వెళ్ళాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తిరిగి నా ముఖం చూశాడు. బొమ్మను చూసినంతసేపూ నన్ను చూశాడు. వచ్చినయన్నమాట, అన్నాడు. మంచిగున్నయి కొడుకా అని నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా జీవితంలో నేను ప్రింట్ చేసిన ఒక్క బొమ్మకైనా సార్థకత దొరికిందనుకున్నాను. మా వీధిలో అందరికీ నేనే చెప్పాను. బాపు మాత్రం ఎవరితోనూ అనలేదు. మరీ సంతోషమైతే మనిషి మాట్లాడలేడు కదా అనుకున్నాను.

గుట్ట దగ్గరికి తీసుకుపోతానంటే ఆయన ఇప్పుడు వద్దన్నాడు. ఎండలు తగ్గనియ్యి అన్నాడు. ఎండలు తగ్గాక వానలకు వాగు దాటలేమన్నాడు. వానలు ఆగాక మోకాళ్ళు నొప్పులన్నాడు. ఇన్నేళ్ళు వాటి కోసం ఆకాశం చూసిన మనిషి, వచ్చాయంటే కదలడేమని నాకు అర్థం కాలేదు. వయసు అనుకుని ఊరుకున్నాను. దోస్తు కూడా నిదానంగా రండి, అటు పులి తిరుగుతుందంటున్నారు, తొందరేం లేదు అన్నాడు.

తర్వాత ఒకరోజు వాడు ఫోన్ చేసి, పై ఆఫీసర్లు గుట్టకు వస్తున్నారు, ఆ ఫోటోతో పెద్ద బ్యానర్ కావాలన్నాడు. ఫోన్‌కు పంపిన ఫోటో అంత పెద్దగా చేస్తే చుక్కలు చుక్కలుగా పగిలిపోతుంది, అసలుది పంపమన్నాను. వాడు పని హడావుడిలో ఉన్నట్టున్నాడు. అసలుది పంపాడు. ఎంత అసలుదంటే, లేయర్లు కలపకుండా పంపాడు.

మా పనిలో ఫోటో మీద ఫోటో పెట్టేటప్పుడు ఒక్కోటి ఒక్కో పలచని పొరలా ఉంటుంది. వాటిని లేయర్లంటాం. పని అయ్యాక అన్నీ కలిపేసి ఒకే ఫోటో చేసి గిరాకీకి ఇస్తాం. కలపకుండా ఇస్తే ఏది ఎక్కడి నుంచి తెచ్చి అతికించామో చూసేవాడికి తెలిసిపోతుంది. షాపులో వాడికి నేను మొదట నేర్పింది, పదిసార్లు తిట్టి మరీ నేర్పింది, అదొక్కటే.

ఫైలు తెరిచాను. పక్కన లేయర్ల వరస కనబడింది. ఒక్కో లేయర్‌కు ఒక కన్ను గుర్తు ఉంటుంది. ఆ కన్ను నొక్కితే ఆ పొర మాయమవుతుంది. పై కన్ను నొక్కాను. పక్షులన్నీ పోయాయి. ఖాళీ బండ మిగిలింది. అది నేను తీసిన ఫోటో. మళ్ళీ నొక్కాను, పక్షులు వచ్చాయి. పిచ్చివాడిలా ఎన్నిసార్లు నొక్కానో తెలియదు. పోయినయి, వచ్చినయి. అడుగున మూసిన కన్నుతో ఇంకో లేయర్ ఉంది. దాన్ని తెరిస్తే అవే పక్షులు, అదే విప్పిన రెక్కలు, ఒక పెద్ద ముళ్ళచెట్టు కొమ్మల మీద కూర్చుని ఉన్నాయి. చుట్టూ చదునైన గడ్డినేల. మా దిక్కు చెట్టు కాదు, మా దిక్కు నేల కాదు.

నాకు కోపం కంటే ముందు సిగ్గు వచ్చింది. షాపులో పనివాళ్ళు చూస్తారేమోనని స్క్రీన్ ఆపేశాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగకు తాళంచెవి చేసిచ్చింది నేనే.

ఆ వారమంతా నాకు అదే పని అయింది. ఆ పక్షి ఏదో తెలుసుకోకుండా ఉండలేకపోయాను. ఆఫ్రికా తెల్లవీపు రాబందు అది. మన రాబందులకు దాయాది. రెక్కలు విప్పితే వీపు కింద తెల్లటి పట్టీ కనబడుతుంది, మెడ మీద పలచని నూగు ఉంటుంది, ముక్కు నల్లగా ఉంటుంది. మన గుట్ట మీది పొడుగుముక్కు రాబందుకు ముక్కు పాలిపోయి ఉంటుంది. మనది బండల మీద గూడు పెడితే అది ఎత్తైన చెట్ల కొసన పెడుతుంది, ఏడాదికి ఒకే గుడ్డు. చెట్టు మీద బతికే పక్షిని తెచ్చి బండ మీద కూర్చోబెట్టాడు నా దోస్తు. అది కూడా ఇప్పుడు మాయమైపోయే స్థితిలోనే ఉందని తెలిసి ఇంకా మండింది. అక్కడ దొంగవేటగాళ్ళు ఏనుగును చంపితే రాబందులు పైన తిరుగుతూ ఆ జాగాను పట్టిస్తాయట. అందుకని వేటగాళ్ళు కళేబరానికి విషం పూస్తారట. ఒకటి దిగడం చూసి ఇంకోటి, దాన్ని చూసి ఇంకోటి దిగుతాయి కదా, ఒకే కళేబరం చుట్టూ పదులకొద్దీ చచ్చి పడి ఉంటాయట. మేం తునికి చెట్ల చాటు నుంచి చూసిన నమ్మకమే అది. ముందు దిగినవాడిని చూసి దిగినందుకు చస్తున్నాయి. వాడు 'వచ్చినయి' అంటే నేను దిగలేదా!

ఫోన్ చేశాను. వాడు మొదట ఏ ఫైలు అన్నాడు. లేయర్లు కలపలేదురా అన్నాను. దాంతో అన్నీ చెప్పాడు. గనుల్లో పెద్ద డంపర్ నడిపే వాడి బావమరిది కాంట్రాక్టు మీద ఆఫ్రికా బొగ్గుగనికి పోయాడట. సెలవు రోజు అడవికి వెళ్ళి తీసిన ఫోటో పంపాడట. గుట్ట మీద పక్షి కనబడి చాలాకాలమైందట. పక్షులు లేవంటే క్యాంపు ఎత్తేస్తారు, ఈ వయసులో ఇంకో నౌకరి ఎక్కడ దొరుకుతుందన్నాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

"కాకకు గూడ జర మనసు నిమ్మలమైతదనుకున్న," అన్నాడు.

"నౌకరి కొరకు చేసిన అను, ఊకుంట. మా బాపు పేరు ఎత్తకు," అన్నాను. "మరి ఆదివారం ఆదివారం చెప్పినయి?"

"కొన్ని చూసినయే," అన్నాడు.

ఆ 'కొన్ని' నా చెవిలో ఇప్పటికీ ఉంది. ఏ కొన్ని? పుల్లలు తెచ్చిన జంటనా, రెక్కలు దులిపిన పిల్లనా? అన్నీ అబద్ధమని చెప్పినా ఇంత బాధ ఉండేది కాదు. ఇన్నేళ్ళ ఆదివారాల్లో ఏది పట్టుకోవాలో ఏది పారేయాలో తెలియకుండా చేశాడు. బ్యానర్ చెయ్యను, నీకు చేతనైతే నువ్వే చేసుకో అని ఫోన్ పెట్టేశాను.

బాపుకు చెప్పాలని ఆ సాయంత్రం నిశ్చయించుకున్నాను. ఆయన జ్వరంతో ఉన్నా చెప్పేవాణ్ణేమో, అంత కడుపుమంటగా ఉంది. గదిలోకి పోయి, గోడ మీది బొమ్మను విప్పడానికి స్టూలు వేశాను. మంచం మీద కూర్చుని టీ తాగుతున్న బాపు ఎందుకు తీస్తున్నావని అడిగాడు. ఇది నిజం కాదు బాపూ, అన్నాను. ఆయన కప్పు కింద పెట్టాడు. ఆశ్చర్యం ఏమీ లేదు ఆ ముఖంలో.

"ఎరికే," అన్నాడు. "ముక్కు నల్లగున్నది. మన గుట్ట దానికి గట్లుండది. పెట్టిన నాడే చూసిన. నా కొరకు గింత కష్టపడి చేసినవ్, ఏమంటనని ఊకున్న."

స్టూలు మీద అలాగే నిలబడిపోయాను. ఆ కన్నీళ్ళు, ఆ భుజం మీది చెయ్యి, ఎండలనీ వానలనీ మోకాళ్ళనీ ఆయన గుట్టకు రాకపోవడం, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. నా అబద్ధం బయటపడకుండా నన్ను కాపాడుతున్నాడు. నేను చెప్పని అబద్ధం అది. ఆయన సంతోషమే చూసుకుని నేను ఏడాదంతా మురిసిపోయాను, ఆ సంతోషం నా కోసం నటించింది. నాకు ఎవరి మీద కోపం రావాలో కూడా తెలియలేదు.

"నేను చెయ్యలే బాపూ. వాడు చేసిండు," అన్నాను.

బాపు నవ్వాడు. బెల్లం తిని మూతి తుడుచుకున్న పిల్లవాణ్ణి చూసి నవ్వినట్టు నవ్వాడు. "వాడు అడివిల తిరిగెటోడు. వానికి గీ కంప్యూటర్ పని యాడిది? మనం చేసి వాని మీద ఎందుకు పెట్టాలె? వాడు పాపం ఉన్నది ఉన్నట్టే చెప్తడు. ఒకటి రెండు వస్తున్నయని ఆదివారం ఆదివారం చెప్తనే ఉన్నడు. గది సాలు నాకు."

ఫైలు తెచ్చి చూపిద్దామా అనుకున్నాను. అందులో ఏముంది? నేను తీసిన గుట్ట, నేను నేర్పిన కటింగ్. గిరాకీ చెప్పగానే రాబందు మెడ మీద మనిషి తల పెట్టిన కొడుకును ఆయన కళ్ళారా చూశాడు. ఏ లేయర్ తీసి చూపించినా సాక్ష్యం నా మీదే ఉంటుంది. ఒకవేళ నమ్మాడే అనుకుందాం. అప్పుడు పోయేది బొమ్మ ఒక్కటే కాదు, ఆ ఆదివారాలన్నీ పోతాయి. తన చెయ్యి చంపినవాటిలో ఒకటో రెండో మిగిలాయన్న ఆ ఒక్క మాటా పోతుంది. నోటిదాకా వచ్చినదాన్ని మింగేశాను. వాడి నౌకరిని కాపాడటానికి కాదు, వాడు ఏమైపోయినా నాకు ఫికర్ లేదు. బాపు కోసం మింగాను. మింగినంత మాత్రాన చేదు తగ్గలేదు.

"తియ్యకు. ఉండనియ్యి," అన్నాడు బాపు. "ముక్కొక్కటి సరిజెయ్యి. మరీ తెల్లగ గాదు. ఆవుకొమ్ము కొస లెక్క, జర పసుపు కలిసినట్టు."

సరే అని స్టూలు దిగాను.

బొమ్మ ఇంకా ఆ గోడ మీదే ఉంది. ముక్కులు ఇంకా నల్లగానే ఉన్నాయి. సరిచేయడానికి నాకు ఎంతో సేపు పట్టదు. బాపు అప్పుడప్పుడు గుర్తు చేస్తాడు. గిరాకీ ఎక్కువుంది, రేపు చేస్తానంటాను. కొడుకు బద్ధకస్తుడని నా భార్యతో చెప్పి నవ్వుతాడు. ఆ ముక్కులకు రంగు మార్చిన రోజు ఆ బొమ్మ నేను చేసినదే అవుతుంది. ఆ ఒక్క పని మాత్రం నా చేత్తో చెయ్యను.

వాడు నాకు ఫోన్ చేయడం మానేశాడు. బాపుకు మానలేదు. మొన్న ఆదివారం కూడా టైముకే వచ్చింది. నేను పక్కనే కూర్చుని పేపరు చూస్తున్నాను. బాపు స్పీకర్ పెట్టాడు. కాకా, ఇయ్యాల రెండు వచ్చినయి, అని వాడి గొంతు వినబడింది. బాపు కళ్ళు తెరిచి నా వైపు తిరిగాడు.

"విన్నవా?" అన్నాడు.

విన్నానన్నాను.